నియంత ముసోలినీ: ఒక ప్రజాస్వామ్యం అస్తమించిన విధం

నియంత అనే మాట వినగానే మన మనోనేత్రం ముందు ఒక దృశ్యం మెదులుతుంది. అర్ధరాత్రి సైన్యం రాజధానిని చుట్టుముట్టడం, శాసనసభ వాకిళ్ళకు తాళాలు పడడం, తెల్లవారేసరికి ఒక కొత్త ప్రభువు అధికారపీఠం మీద ఆసీనుడై ఉండడం. చరిత్రలో ఇటువంటి ఘట్టాలు లేకపోలేదు. కాని ఇటలీ దేశాన్ని 1922 నుండి 1943 వరకు ఏలిన బెనిటో ముసోలినీ జీవితాన్ని పరిశీలించినప్పుడు మనకు కనిపించే దృశ్యం వేరు. అతడు రాజు ఆహ్వానంపై ప్రధానమంత్రి అయ్యాడు. పార్లమెంటు విశ్వాసాన్ని పొందాడు. పార్లమెంటు ఆమోదించిన చట్టాలతోనే పార్లమెంటును నిర్జీవం చేశాడు. 1848 నాటి రాజ్యాంగపత్రం అతడి పాలనాకాలమంతటా రద్దు కాకుండా కాగితం మీద నిలిచే ఉంది. దేహం నిలిచి ఉండగా ప్రాణం ఎలా పోయింది? ఎవరి చేతుల మీదుగా పోయింది? ముసోలినీ జీవితకథను ఈ ప్రశ్నల వెలుగులో పాఠకుల ముందుంచడమే ఈ వ్యాసంలో మా ఉద్దేశం.

ముసోలినీ 1883 జూలై 29న ఇటలీలోని రొమాన్యా ప్రాంతంలో, ప్రెడాప్పియో వద్ద జన్మించాడు. తండ్రి అలెస్సాండ్రో కమ్మరి. సామ్యవాదం పట్ల గాఢాభిమానం కలవాడు. తల్లి రోసా పాఠశాల ఉపాధ్యాయిని. మెక్సికో ప్రజానాయకుడు బెనిటో హువారెజ్ మీది గౌరవంతో తండ్రి కుమారునికి ఆ పేరు పెట్టుకున్నాడు. బాలుని ఉద్రేకస్వభావం చిన్ననాడే బయటపడింది. ఫాయెంజా పట్టణంలో మతాచార్యులు నడిపే పాఠశాలలో ఉండగా తోటి విద్యార్థిని చాకుతో గాయపరచి అతడు ఆ పాఠశాలను విడవవలసి వచ్చింది. 1901లో ఉపాధ్యాయ యోగ్యతాపత్రం సంపాదించి కొంతకాలం పిల్లలకు పాఠాలు చెప్పాడు. 1902లో స్విట్జర్లాండుకు వెళ్ళి, పూట గడవని రోజులు చూశాడు. కార్మికసభలలో మాట్లాడడం, పత్రికలకు వ్రాయడం అక్కడే అలవడ్డాయి.

వాక్కు, కలం రెండూ అతడికి లొంగాయి. 1912 డిసెంబరులో సోషలిస్టు పార్టీ పత్రిక అవంతికి సంపాదకుడయ్యాడు. ఆనాడు అతడు యుద్ధాలను నిరసించినవాడు, రాజరికాన్ని తిరస్కరించినవాడు. 1914లో ప్రథమ ప్రపంచయుద్ధం ఆరంభమైన కొలది నెలలకే అతడి అభిప్రాయం తలక్రిందులయింది. ఇటలీ యుద్ధంలో దిగాలని వాదించసాగాడు. పార్టీ అతడిని నవంబరులో బహిష్కరించింది. అదే నెలలో పారిశ్రామికవేత్తల ధనసహాయంతో సొంత పత్రికను నెలకొల్పాడు. సిద్ధాంతం మారినా అతడిలో మారనిది ఒకటుంది. అది అధికారం మీది ఆకాంక్ష. తరువాత సైనికుడుగా యుద్ధంలో పాల్గొని, 1917లో ఒక శిక్షణలో ఫిరంగి పేలిన ప్రమాదంలో గాయపడి ఇంటికి చేరాడు.

యుద్ధానంతర ఇటలీ పరిస్థితి దయనీయం. విజేతల పక్షాన నిలిచినా ఆశించిన భూభాగాలు దక్కలేదన్న అసంతృప్తి, ధరల పెరుగుదల, తిరిగివచ్చిన సైనికుల నిరుద్యోగం, కర్మాగారాలలో సమ్మెలు, పల్లెలలో భూమికోసం పోరాటాలు దేశాన్ని కుదిపివేశాయి. ఈ వాతావరణంలో 1919 మార్చి 23న మిలాన్ నగరంలో ముసోలినీ తన ఫాసిస్టు దళాన్ని స్థాపించాడు. ఆ నవంబరు ఎన్నికలలో ఆ దళానికి ఒక్క స్థానం కూడా లభించలేదు. ప్రజలు తిరస్కరించిన ఆ దళాన్ని నిలబెట్టింది ఎవరు? పో నదీ మైదానంలోని భూస్వాములు మొదట చేయూత ఇచ్చారు. నల్లచొక్కాలు తొడిగిన యువకులు లారీలలో పల్లెలకు వెళ్ళి కార్మికసంఘాల కార్యాలయాలను, సహకారసంఘాలను తగులబెట్టేవారు. ఎదిరించినవారిని దుడ్డుకర్రలతో కొట్టి, ఆముదం బలవంతంగా త్రాగించి అవమానించేవారు. అనేకచోట్ల పోలీసులు చూచీ చూడనట్లు ఊరుకున్నారు.

రెండవ చేయూత రాజకీయ నాయకులది. రాజనీతిలో ఆరితేరిన జోలిట్టి అప్పటి ప్రధానమంత్రి. ఫాసిస్టులను ఎన్నికల కూటమిలో చేర్చుకుంటే వారి ఉద్రేకం చల్లారుతుందని, సోషలిస్టుల బలం తగ్గుతుందని ఆయన లెక్క వేశాడు. ఫలితంగా 1921 మే ఎన్నికలలో 35 మంది ఫాసిస్టులు పార్లమెంటులో ప్రవేశించారు. ముసోలినీ వారిలో ఒకడు. పామును పెట్టెలో పెట్టి పెంచితే తనకు పనికివస్తుందని తలచిన వృద్ధనాయకుని అంచనా ఎంత పొరపాటో కాలమే తేల్చింది.

1922 అక్టోబరు చివరి వారంలో ఫాసిస్టు దళాలు రోము నగరంపైకి నడిచాయి. ఈ యాత్రను తరువాతి కాలంలో మహావిప్లవంగా కీర్తించారు. వాస్తవం చూస్తే, చాలినన్ని ఆయుధాలు గాని ఆహారం గాని లేని ఆ గుంపులను సైన్యం సులభంగా ఆపగలిగేది. ప్రధాని ఫాక్టా అత్యవసర శాసనం సిద్ధం చేశాడు. అక్టోబరు 28 ఉదయం దానిపై సంతకం చేయడానికి రాజు మూడవ విక్టర్ ఇమ్మాన్యుయేల్ నిరాకరించాడు. అంతర్యుద్ధం వస్తుందన్న భయమో, సింహాసనం పోతుందన్న శంకయో, ఆయన కలం కదలలేదు. ఆ సమయంలో ముసోలినీ రోముకు దూరంగా మిలాన్‌లో ఉన్నాడు. ఓటమి ఎదురైతే సరిహద్దు దాటడానికి అది అనువైన చోటు. రాజు నుండి పిలుపు రాగానే రాత్రి రైలెక్కి, 30వ తేదీన రాజధానిలో దిగాడు. 39 ఏళ్ళ వయస్సులో ప్రధానమంత్రి అయ్యాడు. జయించి వచ్చినట్లు చెప్పుకున్నా, అతడు వచ్చింది ఆహ్వానంపైన అన్నది మనం మరువరాదు.

అతడి తొలి మంత్రివర్గంలో ఎక్కువమంది ఇతర పక్షాలవారే. నవంబరు 17న పార్లమెంటు 306 ఓట్లకు 116 ఓట్లతో అతడిపై విశ్వాసం ప్రకటించింది. ముప్పైకి పైబడిన ఫాసిస్టు సభ్యులకు తోడైన తక్కిన ఓట్లు ఎవరివి? ఉదారవాదులవి, కాథలిక్ ప్రజాపార్టీవారివి, మాజీ ప్రధానులవి. ఒక్క సంవత్సరంపాటు అతడికి అసాధారణ అధికారాలు ఇస్తే దేశంలో శాంతి నెలకొంటుందని వారి ఆశ. ఆ అధికారాలూ లభించాయి. ముసోలినీ వెంటనే రెండు పనులు చేశాడు. తన పార్టీ పెద్దలతో ఫాసిస్టు మహామండలిని ఏర్పరచాడు. వీథులలో దౌర్జన్యం చేసిన నల్లచొక్కాలవారిని 1923 జనవరిలో ప్రభుత్వ జీతం పొందే రక్షకదళంగా మార్చాడు. నిన్నటి దౌర్జన్యకారుడు నేడు ప్రభుత్వోద్యోగి అయినప్పుడు బాధితుడు ఎవరితో మొరపెట్టుకోగలడు?

తరువాత ఎన్నికల విధానం మీద అతడి దృష్టి పడింది. పోలైన ఓట్లలో అందరికంటె మిన్నగా, కనీసం నూటికి 25 వంతులు పొందిన జాబితాకు సభలో మూడింట రెండువంతుల స్థానాలు ఇవ్వాలని అచెర్బో చట్టం నిర్దేశించింది. 1923లో ఈ బిల్లు చర్చకు వచ్చినప్పుడు సందర్శకుల స్థానాలలో నల్లచొక్కాలవారు కూర్చున్నారు. తమ మెడకు బిగిసే ఉరిత్రాటిని సభ్యులు తామే పేనుకున్నారు. 1924 ఏప్రిల్ 6న జరిగిన ఎన్నికలలో ఫాసిస్టు జాబితాలో ఓర్లాండో, సలాండ్రా వంటి మాజీ ప్రధానులు కూడ చేరి ఆ జాబితాకు గౌరవం కట్టబెట్టారు. బెదిరింపులు, దాడులు, మోసాల నడుమ ఆ జాబితాకు మూడింట రెండువంతులకు దగ్గరగా ఓట్లు, 535లో 374 స్థానాలు వచ్చాయి.

ఆ సభలో ఒక్క గొంతు నిర్భయంగా పలికింది. అది ఐక్య సోషలిస్టు పార్టీ కార్యదర్శి జాకొమో మత్తియోత్తిది. మే 30న ఆయన లేచి ఎన్నికలలో జరిగిన అక్రమాలను ఒక్కొక్కటిగా వివరిస్తూ, ఆ ఎన్నిక చెల్లదని వాదించాడు. అరుపులు, బెదిరింపులు ఆయనను ఆపలేకపోయాయి. తన ప్రాణానికి ముప్పు ఉన్నదని ఆయనకు తెలియకపోలేదు. జూన్ 10న రోములో టైబరు నది ఒడ్డున నడచిపోతుండగా ఫాసిస్టు దుండగులు ఆయనను మోటారుకారులోకి లాగి హత్య చేశారు. ఆగస్టు 16న నగరం వెలుపల ఆయన శవం దొరికింది. అప్పటికి ఆయన వయస్సు 39 సంవత్సరాలే.

ఇటలీ అంతటా ఆగ్రహజ్వాల లేచింది. ముసోలినీ పీఠం కదిలింది. అతడి అనుచరులు కొందరు పార్టీ చిహ్నాలు తీసి దాచుకున్నారని చెబుతారు. ఈ కథలో అత్యంత విషాదకరమైన ఘట్టం ఇదేనని మా అభిప్రాయం. అతడిని దించగల అవకాశం ఆ ఆరు నెలలలో అందరి ముందూ ఉన్నది. ప్రతిపక్ష సభ్యులు నిరసనగా సభను విడిచి వెలుపల కూర్చున్నారు. నైతికంగా అది ఉన్నతమైన చర్య. కాని సభ లోపల ప్రశ్నించేవారు కరువయ్యారు. రాజు తప్పక కదులుతాడని వారు ఎదురుచూశారు. రాజు కదలలేదు. జగత్ప్రసిద్ధుడైన తత్త్వవేత్త బెనెడెట్టో క్రోచే ఎగువసభ సభ్యుడు. ఆయన కూడ ఆ జూన్‌లో ప్రభుత్వానికి అనుకూలంగానే ఓటు వేశాడు. మరుసటి ఏడు ఆయన కళ్ళు తెరచి, ఫాసిజాన్ని ఖండిస్తూ మేధావుల ప్రకటన వెలువరించాడు. అప్పటికి కాలం మించిపోయింది.

ఎవరూ తనను కదపలేరని తెలుసుకున్న ముసోలినీ 1925 జనవరి 3న పార్లమెంటులో నిలబడి, జరిగినదానికంతటికీ రాజకీయ, నైతిక, చారిత్రక బాధ్యత తనదేనని ప్రకటించాడు. చేతనైతే తనపై అభియోగం మోపవలసిందని సభను సవాలు చేశాడు. సభ మౌనం వహించింది. నియంతృత్వం నిజంగా ఆరంభమైనది ఆనాడే.

తరువాతి రెండు సంవత్సరాలు చట్టాల వర్షం కురిసింది. 1925 డిసెంబరు 24 నాటి చట్టంతో ప్రధాని పార్లమెంటుకు జవాబుదారీ కాకుండా పోయాడు. అతడి అనుమతి లేనిదే సభ ఏ విషయాన్నీ చర్చించరాదు. 1926 జనవరిలో, సభతో నిమిత్తం లేకుండా శాసనాలు జారీచేసే అధికారం ప్రభుత్వానికి వచ్చింది. పత్రికల బాధ్యత వహించే సంపాదకుడు ప్రభుత్వానికి సమ్మతుడై ఉండాలన్న నిబంధన వచ్చింది. సుప్రసిద్ధ దినపత్రిక కొరియెరె డెల్లా సెరా నుండి సంపాదకుడు అల్బెర్టినీ అంతకుముందే తొలగవలసివచ్చింది. పట్టణాలలో, గ్రామాలలో ప్రజలు ఎన్నుకున్న పురపాలకులు పోయి ప్రభుత్వం నియమించిన అధికారులు వచ్చారు. సమ్మె నేరమయింది. 1926 అక్టోబరు 31న బొలోన్యాలో ముసోలినీపై తుపాకి ప్రేలగానే, అదే సాకుగా మిగిలిన స్వేచ్ఛలూ అంతరించాయి. ప్రతిపక్షాలన్నీ రద్దయ్యాయి. సభను విడిచి వెళ్ళిన సభ్యుల సభ్యత్వాలు పోయాయి. రాజకీయనేరాల విచారణకు ప్రత్యేక న్యాయస్థానం వెలసింది. విచారణ లేకుండానే మనుషులను దూరదీవులకు పంపే పద్ధతి అమలయింది. మేధావి గ్రామ్షీ పార్లమెంటు సభ్యుడై ఉండగానే ఆ నవంబరులో అరెస్టయి, సంవత్సరాల తరబడి చెరలో క్షీణించి 1937లో కన్నుమూశాడు. ఈ శాసనాలన్నిటి అడుగున రాజుగారి సంతకం ఉన్నది. 1922లో కదలని కలం ఇప్పుడు చురుకుగా కదిలింది.

1929 మార్చిలో మరల ఎన్నికలు జరిగాయి. వాటిని ఎన్నికలనడం భాషకే అన్యాయం. ఫాసిస్టు మహామండలి నిర్ణయించిన 400 మంది పేర్ల జాబితాకు ఔననో కాదనో చెప్పడమే ఓటరు పని. ఔననే పత్రం మీద జాతీయపతాకపు రంగులు ఉంటాయి. కాదనే పత్రం తెల్లనిది. ఎవరు దేనిని వేశారో తెలిసిపోయేది. నూటికి 98 మంది ఔనన్నారు. అంతకు నెల రోజుల ముందే పోపుతో సంధి కుదరడం వల్ల భక్తజనుల మద్దతు కూడ లభించింది. 1939లో ఆ నామమాత్రపు ప్రజాప్రతినిధుల సభ కూడ రద్దయింది.

విద్యాసంస్థ పత్రికలో వ్రాస్తున్నాం కనుక విద్యారంగాన్ని విస్మరించజాలం. ప్రాథమిక పాఠశాలలన్నిటికీ ప్రభుత్వం ఒకే పాఠ్యపుస్తకాన్ని నిర్ణయించింది. పసిపిల్లలకు నల్లచొక్కాలు తొడిగి కవాతు నేర్పించింది. 1931లో విశ్వవిద్యాలయ ఆచార్యులందరూ ఫాసిస్టు ప్రభుత్వానికి విధేయులమని ప్రమాణం చేయాలని ఆజ్ఞాపించింది. సుమారు 1200 మంది ఆచార్యులలో ప్రమాణం నిరాకరించినవారు పన్నెండుగురికి అటూ ఇటూ మాత్రమే. తక్కినవారందరూ దుర్మార్గులు కారు. ఉద్యోగం పోతే కుటుంబం ఏమవుతుందని కొందరు, తాము తప్పుకుంటే ఆ స్థానంలోకి ఎవరు వస్తారోనని కొందరు సంతకం చేశారు. నిరాకరించినవారిలో గణితశాస్త్రంలో ప్రపంచఖ్యాతి గడించిన వీటో వోల్టెర్రా ఒకడు. సెమిటిక్ భాషలలో మహావిద్వాంసుడైన జార్జియో లెవీ డెల్లా వీడా మరొకడు. పదవి పోగొట్టుకున్న ఈ విద్వాంసుడు పోపుగారి వాటికన్ గ్రంథాలయంలోని అరబ్బీ వ్రాతప్రతులకు పట్టిక తయారుచేస్తూ కాలం గడిపాడు. అరబ్బీ, ఫారసీ, ఉర్దూ వ్రాతప్రతుల విలువ తెలిసిన మన పాఠకులకు ఆయన పేరు పరాయిది కారాదు.

వెలుపలినుండి చూచినవారికి ఇటలీ క్రమశిక్షణతో వెలుగుతున్నట్లే కనిపించేది. విశ్వకవి రవీంద్రుడు 1926లో ఆ ప్రభుత్వ అతిథిగా వెళ్ళినప్పుడు తెర ముందరి భాగమే ఆయనకు చూపించారు. తరువాత స్విట్జర్లాండులో రొమా రొలా మొదలైనవారి వలన నిజం తెలుసుకొని, ఆంగ్లపత్రికలో తన లేఖ ద్వారా ఫాసిజంతో తనకు సంబంధం లేదని స్పష్టం చేశాడు. 1936లో పండిత నెహ్రూ సతీవియోగంతో స్వదేశానికి వస్తూ రోములో ఆగినప్పుడు ముసోలినీ ఆయనను కలుసుకోగోరాడు. నెహ్రూ ససేమిరా అన్నాడు.

తన దేశంలో ప్రశ్నించేవారు లేని పాలకునికి పరదేశీయుల ప్రాణం ఒక లెక్క కాదు. లిబియాలో ఖురాను బోధించే ఉపాధ్యాయుడైన ఉమర్ ముఖ్తార్ ఏళ్ళ తరబడి ఇటలీ సైన్యాలను ఎదిరించాడు. ఆ ప్రతిఘటనను అణచడానికి సుమారు లక్షమంది ప్రజలను ఇళ్ళనుండి తరలించి ముళ్ళకంచెల శిబిరాలలో నిర్బంధించారు. వేలకు వేలు ఆకలికి, రోగాలకు బలి అయ్యారు. 70 ఏళ్ళు దాటిన ఆ వృద్ధుని 1931 సెప్టెంబరు 16న ప్రజల కన్నులముందే ఉరితీశారు. ఆరేళ్ళు తిరగకముందే ముసోలినీ ట్రిపోలీలో గుర్రమెక్కి, ఇస్లాం ఖడ్గమంటూ సమర్పించిన కత్తిని పైకెత్తి తానే ముస్లిముల సంరక్షకుడినని చాటుకున్నాడు. 1935లో ఇథియోపియాపై దండెత్తి విషవాయువులు ప్రయోగించాడు. 1938లో సొంత పౌరులైన యూదులపై జాతివివక్ష చట్టాలు తెచ్చాడు. యూదు బాలబాలికలు పాఠశాలలనుండి, ఆచార్యులు విశ్వవిద్యాలయాలనుండి వెళ్ళగొట్టబడ్డారు. అంతకుముందు ఫాసిస్టు పార్టీలో చేరి నమ్మకంగా ఉన్న యూదులు కూడ ఉన్నారు. విధేయత వారిని కాపాడలేదు. చట్టసభ, పత్రిక, న్యాయస్థానం బ్రతికి ఉన్నప్పుడే అల్పసంఖ్యాకులకు రక్షణ ఉంటుంది. ఆ మూడూ పడిపోయిన తరువాత పాలకుని దయ తప్ప వారికి దిక్కు లేదు. ఆ దయ ఏ రోజు ఆరిపోతుందో ఎవరు చెప్పగలరు?

1940 జూన్ 10న ముసోలినీ హిట్లరు పక్షాన యుద్ధంలో దిగాడు. మత్తియోత్తిని అపహరించిన దినానికి అది సరిగా పదునారవ వార్షికం. గ్రీసులో, ఆఫ్రికాలో, రష్యాలో ఓటములు వరుసకట్టాయి. 1943 జూలైలో శత్రుసేనలు సిసిలీలో దిగాయి. జూలై 24 రాత్రి సమావేశమైన ఫాసిస్టు మహామండలి తెల్లవారుజామున 19 ఓట్లకు 8 ఓట్లతో అతడికి వ్యతిరేకంగా తీర్మానించింది. తన చేతులతో తీర్చిదిద్దిన మండలియే అతడిని త్రోసివేసింది. ఆ మధ్యాహ్నం రాజు అతడిని పిలిచి, పదవినుండి తొలగించినట్లు చెప్పి, వెలుపలికి రాగానే నిర్బంధింపజేశాడు. జర్మన్లు అతడిని విడిపించి ఉత్తర ఇటలీలో కీలుబొమ్మ ప్రభుత్వానికి అధిపతిని చేశారు. ఆ కాలంలో తనకు వ్యతిరేకంగా ఓటు వేసిన సొంత అల్లుడు చియానోకు సైతం మరణశిక్ష తప్పించలేదు. 1945 ఏప్రిల్ 27న స్విట్జర్లాండు సరిహద్దువైపు పారిపోతూ ప్రతిఘటన యోధులకు చిక్కాడు. మరునాడు కోమో సరస్సు సమీపాన కాల్చివేయబడ్డాడు. అతడి శవాన్ని మిలాన్ నగర కూడలిలో తలక్రిందులుగా వ్రేలాడదీశారు.

ఆ యుద్ధంలో ఇటలీ ప్రజలు నాలుగు లక్షలకు పైగా మరణించారు. ఇటలీ నేల మీద ఫాసిస్టు, నాజీ సేనలతో పోరాడిన మన భారతీయ సైనికులు 5,700 మందికి పైగా నేలకొరిగారు. 1946 జూన్ 2న ఇటలీ ప్రజలు ఓటుతో రాజరికాన్ని సాగనంపారు. సాధారణ చట్టంతో మార్చడానికి వీలులేని కొత్త రాజ్యాంగం 1948 జనవరి 1న అమలులోకి వచ్చింది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు మరలి వద్దాం. 1943లో రాజు ఒక్క మాటతో ముసోలినీని తొలగించగలిగాడు. ఆ అధికారం ఆయనకు కొత్తగా వచ్చినది కాదు. 1922 అక్టోబరులోనూ ఉన్నది, 1924 వేసవిలోనూ ఉన్నది. సభ్యులకు ఓటు ఉన్నది, సంపాదకులకు కలం ఉన్నది, ఆచార్యులకు నిరాకరణ ఉన్నది. వాడగలిగిన రోజున వాడని ఆయుధం, వాడవలసిన రోజున చేతికి అందలేదు. ముసోలినీ తన బలంతో ఎక్కిన మెట్లు కొన్నే. తక్కినవన్నీ ఇతరులు ఈ ఒక్కసారికే గదా అని వంచి ఇచ్చిన వీపులు.

ఈ కళాశాలనుండి వెలువడే మన విద్యార్థినీ విద్యార్థులు రేపు కార్యాలయాలలో, న్యాయస్థానాలలో, పాఠశాలలలో, సభలలో ఏదో ఒక కాగితం మీద సంతకం చేయవలసిన వారే. ఇటలీలోని ఆ కొద్దిమంది ఆచార్యులు ప్రభుత్వాన్ని కూల్చలేదు. ఆపనూ లేకపోయారు. అయినా ఆ చీకటి గడచిన తరువాత ఇటలీ విద్యాలోకం తలెత్తుకొని చెప్పుకోవడానికి మిగిలినవి ఆ పన్నెండు పేర్లే. ముందుంచిన కాగితాన్ని చదివిన తరువాతనే కలం తీయడం మన పిల్లలకు అలవడాలని మేము మనసారా కోరుకుంటున్నాము.